బట్టమేక పిట్టకు ఎంత లెన్సు కావాలి?

తెక్కలకోట,
12 సెప్టెంబరు 2008

చిరంజీవి గ్లోరియాకు మామ హనోకు దీవెనలు.

ఇక్కడ మాకు మోకాళ్ళు తప్ప మిగతా అంతా బాగానే ఉంది. సెల్‌ఫోన్ కొనిచ్చాక కూడా ఈ ఉత్తరాలేంటి మామా అంటావని తెలుసు. ఫోన్లో నేను మాట్లాడేది నీకంటే ముందు మీ అత్తకు వినిపిస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆమె వినకూడదు. ఒక వస్తువు కొనాలి.

నేను రిటైరైన రోజు పాత విద్యార్థులంతా కలిసి కెమెరా ఇచ్చారు కదా. దాంతో వచ్చిన చిన్న లెన్సుతో ఇంతవరకు మీ అత్తను, గేదెను, చర్చి గంటను తీశాను. ముగ్గురూ కదిలారు. దాని సంగతి వదిలెయ్. పోయిన వారం మన చర్చి సంఘం బీడులో బట్టమేక పిట్టను చూశాను! మిషన్ వాళ్ళు వెళ్తూ సంఘానికి వదిలిపోయిన ముప్పై ఎకరాల గడ్డి నీకు గుర్తుందిగా, అక్కడే. నడుము ఎత్తు పిట్ట, తెల్లటి మెడ, నెత్తిన నల్ల టోపీ. ఇక్కడి కన్నడం వాళ్ళు ఎరెభూత అంటారు. దేశం మొత్తంలో కొన్ని వందలే మిగిలాయట. అది మన ఊరికొచ్చి, ప్లీడరుగారిలా మెడ నిక్కించుకుని నడుస్తూ ఉంది.

అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను. మన పక్కింటి వెంకటప్పయ్య ఆ బీడును లీజుకు అడుగుతున్నాడు. ఇనుపరాయి పుణ్యమా అని జిల్లాలో ప్రతివాడూ లారీ కొంటున్నాడు కదా, కాలువ కింద వరి పండించుకునే ఈయనా రెండు టిప్పర్లు కొన్నాడు. ఇంకా నాలుగు వస్తాయట. అవి నిలుపుకోవడానికి బీడంతా చదును చేసి యార్డు కడతాడట. ముప్పై ఏళ్ళ స్నేహం, నాతో ఒక్క మాట చెప్పకుండా సంఘానికి అర్జీ పెట్టాడు. అప్పట్నించి మాకు మాటల్లేవు. డిసెంబరు 14 ఆదివారం ఆరాధన కాగానే సంఘ పెద్దలు తేలుస్తారు.

పిట్ట సంగతి వాళ్ళకు చెప్పి ఫోటో చూపించాను. పెద్ద మైదానంలో ఒక తెల్ల చుక్క. ఆ పెద్దల్లో ఒకడు, మన బాబు పెద్ద, తన కళ్ళద్దాలు పైకెత్తి, "ఇదేంది సార్, ఎవురో సబ్బుముక్క పారేసినట్ల ఉండాది" అన్నాడు. పాస్టరు జాబెజ్ అయ్యగారు నవ్వు ఆపుకుని, సరైన ఫోటో తెస్తే ఆలోచిస్తామన్నారు. ఆ మాట పట్టుకున్నాను.

కాబట్టి నాకు దూరం లాగే లెన్సు కావాలి. నువ్వు కెమెరాలు బాగుచేసే దానివి, నీకు తెలుస్తుంది. పుస్తకంలో ఒకదానికి 2.8 అని, ఇంకోదానికి 5.6 అని రాశారు. పెద్ద అంకె ఉన్నదే కొందామనుకుంటున్నాను.

ఇట్లు,
మామ

అత్త సామ్రాజ్యం రాసేది: అతికించేముందు చదివినా. ఏందో కొనల్లంట. నాకు తెలియకుండా ఈయప్ప జీవితంలో ఏం కొన్యాడు గనక. నువ్వు బాగా తిను.


కోఠీ, హైదరాబాదు,
20 సెప్టెంబరు 2008

మామకూ, మామ ఉత్తరాలు మామకంటే బాగా తెలిసిన అత్తకూ వందనాలు.

మామా, అది భాగహారం! 2.8 అంటే పెద్ద కన్ను, 5.6 అంటే దానికి సగం. అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఈ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పకు. నీ దగ్గర లెక్కలు పాసైనవాళ్ళంతా మార్కులు మళ్ళీ కూడమని వస్తారు.

మా షాపుకొచ్చే ప్రతివాడూ మొదట అడిగేది "ఎంత దూరం లాగుతుంది" అని. పిట్టకు నేను ఎంత దగ్గరికి పోగలనని ఒక్కడూ అడగడు. లెన్సు ఎన్నుకోవడం అక్కణ్ణుంచి మొదలవ్వాలి. డెబ్భై నుంచి మూడొందల మిల్లీమీటర్ల జూమ్ ఉంది. తేలిక, చవక, కానీ నీ పిట్టకు చాలదు, సబ్బుముక్క కాస్తా సబ్బుబిళ్ళ అవుతుందంతే. ఐదొందలది ఉంది, జూమ్ లేనిది, చూస్తే ఆశ పుడుతుంది, ఎత్తితే నడుం పోతుంది. వెల చెబితే అత్త నన్ను కూడా ఇంట్లోకి రానివ్వదు. మధ్యలో నూరు నుంచి నాలుగొందల జూమ్ ఉంది.

నువ్వు నాకు మూడు సంగతులు చెప్పు. పిట్ట నిన్ను ఎన్ని అడుగుల దూరం దాకా రానిస్తుంది? ఏ వేళకు కనబడుతుంది? నువ్వు నిలబడి తీస్తావా, కూర్చునా? పొడుగాటి గొట్టాన్ని చూస్తే బెదురుతుందేమో కూడా కనుక్కో.

వెంకటప్పయ్య మామయ్యతో మాట్లాడకపోవడం నాకు నచ్చలేదు. నాకు సైకిలు నేర్పింది ఆయన. నువ్వు వెనక పరిగెత్తుతానని చెప్పి మధ్యలో ఆగిపోయావు.

నీ
గ్లోరియా


తెక్కలకోట,
3 అక్టోబరు 2008

చిరంజీవి గ్లోరియాకు,

సైకిలు రోజు నా చెప్పు తెగింది. ఆ విషయం ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను.

నువ్వడిగిన పరీక్షలన్నీ చేశాను. గొట్టానికి బెదురుతుందేమో చూడమన్నావు కదా, లెన్సు లేదు కాబట్టి మూరెడు ప్లాస్టిక్ పైపు కోసి, నల్ల రంగు వేసి, కెమెరా స్టాండుకు కట్టి నాలుగు రోజులు బీడులో నిలబడ్డాను. పిట్ట బెదరలేదు. ఊరు బెదిరింది.

మూడుకాళ్ళ స్టాండు, దాని మీద గొట్టం, ఒంటికన్ను మూసుకుని చూసే మనిషి. ఈ జిల్లాలో ఈ రోజుల్లో గనుల సర్వే వాళ్ళు నిలబడేదీ అచ్చం ఇలాగేనని నాకే తట్టలేదు. రెండో రోజుకే, బీడులో గొర్రెలు మేపే హులిగెప్ప నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగాడు. "సార్, ఎంత లోతులో ఉండాది?" ఏమిటప్పా అన్నాను. "అదే సార్, అదురు, ఇనుపరాయి. నాకు చెప్పు, నేను యారికీ చెప్పను." పిట్ట కోసమని ఎంత చెప్పినా కన్నుకొట్టి పోయాడు. సాయంత్రానికి సంఘం బీడు కింద ఇనుపరాయి ఉందని ఊరంతా పాకింది. వెంకటప్పయ్య ఒక్కడే అడిగిన బీడుకు ఇప్పుడు ఇంకో ఇద్దరు అర్జీ పెట్టారు. పిట్టను కాపాడదామని పోయి దాని నెత్తి మీదికి నేనే తెచ్చాను. మీ అత్త రెండు రోజులు నవ్వింది, మూడో రోజు మనకూ చేనుంది కదా, అక్కడా ఒకసారి పైపు పెట్టి చూడమంది.

ఇక నీ జవాబులు. నడిచిపోతే నూటయాభై అడుగుల దగ్గర పిట్ట తల ఎత్తుతుంది, ఇంకో పదడుగులు వేస్తే ఎగిరిపోతుంది. కానీ ఒక వింత చూశాను. దురుగప్ప ఎద్దులబండి దాని పక్క నుంచి అరవై అడుగుల్లో పోయింది. తల కూడా తిప్పలేదు! బండిని అది పశువుల లెక్కలోనే వేసుకున్నట్టుంది. తెల్లవారాక గంటసేపు మేస్తుంది, ఎండ ముదిరితే గడ్డిలో కూర్చుంటుంది, ఇక కనబడదు.

ఇట్లు,
మామ


హైదరాబాదు,
14 అక్టోబరు 2008

మామా,

నీ ఉత్తరం షాపులో చదివాను. పైపు దగ్గరికి వచ్చేసరికి మా ఓనరుగారు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగారు. అంతలా కళ్ళల్లో నీళ్ళు.

ఎద్దులబండి మాటతో మన బేరం తేలిపోయింది. అరవై అడుగులకు ఐదొందల లెన్సు అక్కర్లేదు. బండిలో స్టాండు నిలవదు, చేత్తోనే పట్టుకోవాలి, అందుకని బరువు తగ్గాలి, చెయ్యి వణికితే సర్దుకునే ఏర్పాటు లెన్సులోనే ఉండాలి. బండి తిరిగినప్పుడు పిట్ట ఒక్కసారిగా దగ్గరైతే వెనక్కి లాక్కోవాలి, అందుకని జూమే కావాలి. నూరు నుంచి నాలుగొందలది. ఎవరో అమ్మేస్తే మా షాపుకొచ్చింది, లోపలంతా నేనే విప్పి శుభ్రం చేసి బిగించాను. నవంబరులో బస్సు పార్సిలు వేస్తాను.

రెండు జాగ్రత్తలు. ఈ జూమ్ ముందుకీ వెనక్కీ లాగినప్పుడల్లా గాలి పీలుస్తుంది. మీ దగ్గర గాలంటే సగం ఎర్రదుమ్ము. లారీలు పోయే రోడ్డు మీద దాన్ని బయటికి తియ్యకు. రెండోది, ఎండెక్కాక తియ్యకు. నేల మీంచి సెగ లేస్తుంది, ఎంత పెద్ద లెన్సు పెడితే ఆ సెగను అంత పెద్దగా చూపిస్తుంది.

నువ్వు దగ్గరుండి ఏదైనా చేస్తున్నావంటే నాకు ధైర్యం, మామా. పైపుతో మాత్రం ఇంక బయటికి పోవద్దు.

నీ
గ్లోరియా


తెక్కలకోట,
18 నవంబరు 2008

గ్లోరియా,

దీవెనలు తర్వాత. నీ లెన్సు అమ్మేశాను. నా చేతులతో, నా నోటితో, నిండు సంఘం ముందు వేలం పాట పెట్టి అమ్మేశాను.

మొన్న ఆదివారం కోతకాలపు పండుగ. పార్సిలు శనివారం వచ్చింది. నేను చర్చిలో చెరుకుగడలు కడుతున్నాను, మీ అత్త తీసుకుంది. ఈ ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా ముందు అయ్యగారి ప్రార్థన పడాలి కదా. మిక్సీకి పడింది, గేదెకు పడింది. నన్ను ఆశ్చర్యపరుద్దామని పెట్టెలోంచి తీసి, దాని తొడుగుతోపాటు కొత్త తువాలులో గట్టిగా మూటకట్టి, ప్రథమఫలాల బల్ల మీద గుమ్మడికాయల పక్కన పెట్టి, ప్రేమవిందు వంటకు వెళ్ళిపోయింది. ప్రార్థన అయ్యాక తీసుకుందామనుకుందట. పులిహోర దించడంలో మరిచిపోయింది.

బల్ల మీదివన్నీ సంఘం కోసం వేలం వేస్తారు కదా, ఏటా ఆ పాట పెట్టేది నేనే. మూట విప్పకుండా పాడడం మన సంఘం సరదా, నీకు తెలుసు. ఎత్తితే బరువుగా, గుండ్రంగా, గట్టిగా ఉంది. "ఆవకాయ జాడీ!" అని నేనే తేల్చేశాను. ఊరుకున్నానా? "గుంటూరు మిరప, గానుగ నూనె, ఊట చూడండప్పా!" అని అటూ ఇటూ ఊపాను కూడా.

ఏటా మొదటి వడ్లబస్తా తెచ్చి బల్ల దగ్గర పెట్టి, వేలంలో కూర్చుని పోవడం వెంకటప్పయ్యకు అలవాటు. ఈసారీ వచ్చాడు. గోదావరి మనిషి, ఆవకాయ అంటే ఆగుతాడా? పాట ఎవరినీ దాటనివ్వలేదు. నేనే మూడోసారి గంట కొట్టాను.

మీ అత్త గరిటెతో పరిగెత్తుకొచ్చేసరికి ఆయన మూట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్ల మీద దేవునికి పెట్టింది, పాటలో ఒకరికి పోయింది, వెనక్కి అడగడం మన సంఘంలో ఎన్నడూ లేదు. అడగాలన్నా మాటల్లేవు. ఇంటికెళ్ళి విప్పి చూసే ఉంటాడు. నాదని తెలియకుండా ఉంటుందా? కిక్కురుమనడం లేదు. నేను ఫోటో తియ్యకూడదనే పట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపంగా ఉంది, అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఇట్లు,
హనోకు

అత్త: తప్పు నాదే లేమ్మా. కానీ పులిహోర మాత్రం బాగా వచ్చింది.


హైదరాబాదు,
22 నవంబరు 2008

మామా,

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. అత్త ఎత్తి "అందరం బాగుండాము" అని పెట్టేసింది.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. వెంకటప్పయ్య మామయ్య నాకు ముందే ఫోన్ చేశారు. తొడుగులో మా షాపు కార్డు ఉంది కదా. నేనని తెలియక ఇలా మొదలుపెట్టారు. "అమ్మా, మీ ఆవకాయ జాడీకి మూత ఎటు తిరుగుతుందండీ?" నేనెవరో చెప్పాను. తర్వాత ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీ మామ ఊటని ఊపి మరీ చూపించాడమ్మా. నేను అన్నం వండించుకుని కూర్చున్నాను. విప్పితే ఈ అద్దాల గొట్టం! నేనంటే ఆయనకి అంత వేళాకోళం అయిపోయిందన్నమాట."

ఆయన అనుకుంటున్నదేమిటో అర్థమైందా? కోపంతో నువ్వే కావాలని మోసం చేశావనుకుంటున్నారు! నువ్వేమో ఆయన కావాలని కొన్నాడనుకుంటున్నావు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక గోడ, మీరు ఆ గోడకు చెరో పక్క కూర్చుని నాకు హైదరాబాదుకు కబుర్లు పంపుతున్నారు.

జరిగింది చెప్పాను. నమ్మారు, చాలాసేపు నవ్వారు. లెన్సు ఇచ్చేస్తారా అని అడిగితే ఒప్పుకోలేదు. "దేవుడి పాటలో కొన్నది తిప్పి ఇస్తే మా ఆవిడ పున్నమ్మ ఊరుకోదండీ. మాస్టారు వచ్చి పిలిస్తే నేనే పట్టుకుని వస్తాను." అంతే.

లెన్సు ఆయన దగ్గర, కెమెరా నీ దగ్గర. విడివిడిగా రెండూ ఎందుకూ పనికిరావు. వెళ్ళు మామా. అత్త పెట్టిన ఆవకాయ నిజంగానే ఒక జాడీ పట్టుకెళ్ళు.

నీ
గ్లోరియా


తెక్కలకోట,
5 డిసెంబరు 2008

చిరంజీవి గ్లోరియాకు,

వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఏమనాలో తెలియక జాడీ ముందుకు చాపాను. ఆయన మూత తీసి వాసన చూసి, "ఇది నిజందేనా మాస్టారూ?" అన్నాడు. పున్నమ్మ నవ్వింది. అంతటితో అయిపోయింది.

మూడు రోజులుగా దురుగప్ప బండిలో పోతున్నాం. లెన్సు ఆయన వదలడు, కెమెరా నేను వదలను. రెండూ కలిపి బిగించాక ఎవరి చేతిలో ఉండాలని మొదటి రోజు బండిలోనే వాదన. బరువంతా లెన్సుదే కాబట్టి ఆయన చేతిలో ఉండాలట. లెక్క సరైనదే, ఒప్పుకున్నాను. తెల్లపంచె కట్టుకొచ్చాడు, పిట్ట అల్లంత దూరం నుంచే చూసి పోయింది. రెండో రోజు మీ అత్త పాత గొంగడి కప్పింది. కొంగను చూసినా "అదేనాండీ?" అని కేక. దురుగప్ప విసుక్కుని, "సుమ్నె, ఊరికే కూకో సావుకారీ, ఎద్దులే బెదురుతాండాయి" అన్నాడు. నిన్న పిట్ట అసలు రాలేదు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

నాకు నిద్ర పట్టడం లేదు, గ్లోరియా. ఫోటో దేనికో ఆయనకు నేను చెప్పలేదు. ఆయన యార్డు పోగొట్టే ఫోటోను ఆయన లెన్సుతో, ఆయన చేతనే తీయిస్తున్నాను. చెబితే రాడేమోనని భయం.

ఇట్లు,
మామ


హైదరాబాదు,
8 డిసెంబరు 2008

మామా,

చెప్పెయ్. రాకపోతే రానీ.

కెమెరా సంగతి ఇది. షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టు, మిగతావి కెమెరాకే వదిలెయ్. లెన్సు పక్కన వణుకు సర్దే మీట పైకి ఉండాలి. ఫోటో తీసే మీట కెమెరా పట్టుకున్నవాళ్ళే నొక్కాలి, ఒక్కసారి నొక్కి వదలడం కాదు, నొక్కి పట్టుకోవాలి. పదింటిలో ఒకటి బాగా వస్తుంది. మామయ్యకు ఇది నువ్వు నేర్పు. విసుక్కోకుండా నేర్పు.

నీ
గ్లోరియా


తెక్కలకోట,
15 డిసెంబరు 2008

చిరంజీవి గ్లోరియాకు,

ఫోటో లేదు. అది ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా ఆశతో చదువుతావని.

శనివారం పొద్దున బండెక్కగానే చెప్పేశాను. ఫోటో సంఘానికి చూపించడానికని, అది చూస్తే నీకు బీడు ఇవ్వరని, నిన్ను వాడుకుంటున్నానని. ఆయన గొంగడి సర్దుకుంటూ అన్నాడు. "ఊరంతా తెలిసిందే కదండీ. మీరు నాతో చెప్పకపోవడమే నాకు కష్టంగా ఉంది." అర్జీ పెట్టేముందు నువ్వూ నాకు చెప్పలేదు కదయ్యా అన్నాను. అవునండీ అన్నాడు.

పొద్దెక్కుతుండగా పిట్ట వచ్చింది. ఎప్పటి మగపిట్టే. బండికి యాభై అడుగులుంటుంది, మంచు పట్టిన గడ్డిలో నడుస్తూ ఆగింది. మెడ సంచిలా ఉబ్బించి, తోక వీపు మీదికి విప్పి, ఒక్క కూత వేసింది. కుండలో ఎవరో మాట్లాడినట్టు ఉంది ఆ కూత. నా జన్మలో వినలేదు. వెంకటప్పయ్య కంటికి కెమెరా ఆనించుకునే ఉన్నాడు. వేలు మీట మీదే ఉంది. నేను చెవిలో "నొక్కు, నొక్కు, నొక్కి పట్టుకో" అంటున్నాను. నొక్కలేదు. తొడ గిల్లాను. నొక్కలేదు. పావుగంట నడిచింది అది మా ముందు. తర్వాత పరిగెత్తి, బరువుగా లేచి, కాలువ వైపు పోయింది.

కెమెరా దించాడు. ముఖమంతా తడి. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఇంటిదాకా ఆయనకు వీపు పెట్టి కూర్చున్నాను. ఆదివారం చర్చికి ఖాళీ చేతులతో పోయాను.

ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. బాబు పెద్ద అర్జీలు చదివాడు. నా వైపు తిరిగి, "ఫోటో యాడ సార్?" అన్నాడు. లేదన్నాను. అప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడిచి వెంకటప్పయ్య లోపలికొచ్చాడు.

"నా అర్జీ తీసేసుకుంటానండీ. టిప్పర్లకి సిరుగుప్ప రోడ్డులో ఇంకో చోటు చూసుకుంటాను. మిగతా ఇద్దరికీ కూడా ఇవ్వద్దని చెప్పడానికొచ్చాను. అక్కడ రాయీ లేదు, రప్పా లేదు, మాస్టారు పట్టుకున్నది ప్లాస్టిక్ పైపు. పిట్ట మాత్రం ఉంది. నేను చూశాను." నడుము దగ్గర చెయ్యిపెట్టి ఎత్తు చూపించాడు.

"చూస్తే ఫోటో తీయల్ల కదప్పా," అన్నాడు బాబు పెద్ద.

"కుదరలేదండీ," అన్నాడు వెంకటప్పయ్య. "చూస్తున్నాను కదా."

ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తనకు నష్టమైన మాట తానే వచ్చి చెప్పిన మనిషిని ఇంకేం అడుగుతారు? జాబెజ్ అయ్యగారు పుస్తకంలో రాయించారు, బీడు బీడుగానే ఉంటుందని. బాబు పెద్ద సంతకం పెట్టి, ఆ పిట్ట మళ్ళీ ఎప్పుడొస్తుందో తనకు కూడా చెప్పమన్నాడు.

రేపు పొద్దున మళ్ళీ పోతున్నాం. ఈసారి మీట నేను నొక్కేలా ఒప్పందం. వెంకటప్పయ్య గట్టిగా మాట తీసుకున్నాడు, మాస్టారూ, మీరైనా నొక్కాలండీ అని. సరేనన్నాను. నొక్కుతానని మాత్రం నాకు నమ్మకం లేదు, గ్లోరియా.

ఇట్లు,
మామ